వాన, ఏరు దాటితే

కాశీనగర్ బజారులో సైకిల్ షాపు మీద నా గది.
ఒక కంప్యూటరు, ఒక వేలిముద్రల యంత్రం,
మూడు భాషల్లో బోర్డు. రెండింటిలో నా పేరు తప్పే.
ఇంట్లో వల్లభుణ్ణి, బడి రిజిస్టర్లో బల్లభని.
మా ఒడియా మేష్టారి నోట 'వ' పలికేది కాదు.
ఆయన్నేం అనను.
ఇప్పుడు నేనే కొన్నిసార్లు 'బ' అని సంతకం పెడుతున్నాను.

కొండచీపుర్ల కట్ట మెట్ల దగ్గర దించి
సంచిలోంచి కాగితాలు తీసింది అసిరమ్మ.
"బత్తా రాయించు బాబూ.
ఆయన ఎలిపోయి పద్నాలుగు నెల్లయింది."

శ్రీకాకుళం పెద్దాసుపత్రిలో పోయాడు వాన యర్రన్న.
చావు కాగితం తెలుగులో ఉంది, గుండ్రటి ముద్రతో:
ఏ తేదీ, ఏ ఊరు, ఎవరి కొడుకు.
ఆ గట్టున అతను పూర్తిగా చనిపోయాడు.

ఈ గట్టున వెతికాను.
వాన లేదు. యర్రన్న లేడు.
తెర మీద చక్రం తిరిగి తిరిగి
జర్రనా బాన అని ఒకాయన లేచాడు.
వయసు అరవై తొమ్మిది. స్థితి: సజీవుడు.
నెలనెలా అయిదు కిలోల బియ్యం తింటున్నాడు.

"బానేటి?"
"మీ ఇంటిపేరే అమ్మా. ఏరు దాటితే వాన బాన అయిపోద్ది."
తెర వంక కాసేపు చూసింది.
"మంచిదే. పడిందాన్ని ఎందులోనో ఒకందాన్లో పట్టాల గదా."

వంశధార నీళ్లకి రెండు గట్లూ తెలుసు.
గళ్లకి తెలీదు.
అక్కడ ఇంటిపేరు ముందు, ఇక్కడ చివర.
అక్కడి సర్వరు పంపిన చావుని
ఇక్కడి సర్వరు ఫార్మాటు చెల్లదని వెనక్కి పంపుతుంది,
వియ్యాలవారు సారె కావిడి గుమ్మంలోంచే తిప్పినట్టు.

యర్రన్నా జర్రనా ఒకే మనిషని
పర్లాకిమిడి నోటరీ ముందు ప్రమాణం చేసింది.
నలభై రెండేళ్లు కాపురం చేసిన సంగతి రాసినందుకు
ఆయన రెండు వందలు పుచ్చుకున్నాడు.
ఆ కాగితాన్నీ యంత్రం చదవలేదు.
స్కాను మసకగా ఉందంది.

వర్షాలు వెనకబడ్డాక భువనేశ్వర్ నుంచి కుర్ర ఇంజినీరొకాయన వచ్చాడు.
రెండు రాష్ట్రాల జాబితాలు ఇకమీదట మాట్లాడుకుంటాయన్నాడు.
బోర్డు మీద రెండు పెట్టెలు గీసి మధ్యలో గొట్టం గీశాడు.
'వ'కి 'బ', 'య'కి 'జ',
చిన్న పట్టిక ఒకటి రాస్తే చాలన్నాడు.
మా నాలుకలు పుట్టినప్పటి నుంచీ
జీతం లేకుండా చేస్తున్న పని అది.
చెప్పలేదు. టీ బాగుంది, పకోడీ ఇంకా వేడిగా ఉంది.

మంగళవారం సంతకి అసిరమ్మ వచ్చింది.
కొత్త మీట చూపించాను: సరిపోల్చు.
"ఇది నొక్కితే ఈ గట్టునా పోతాడు.
ఆయన బియ్యం ఆగిపోతాయి. నీకు బత్తా మొదలవుద్ది."
"ఎంతసేపు పడతాది?"
"రెప్పపాటు."
"అక్కడ మూడు రాత్రులు పట్టింది బాబూ."

వేళ్ల మీద ఏదో లెక్క వేసుకుంది.
"డీలరు పదో తారీకుకి తెరుస్తాడు.
ఈ నెల గింజలు తెచ్చీసుకున్నాక నొక్కు."

అది తప్పే. ఆరు రోజులు ఆ తప్పు నేను చేశాను.
'సజీవుడు' అన్న మాట పక్కన కర్సరు
వెలుగుతూ ఆరుతూ ఉంది.
ఎవరో కులం సర్టిఫికెట్టుకి వస్తే
ఆ కిటికీని కిందకి దించి, మళ్లీ పైకి తెచ్చాను.

పదకొండున నొక్కాను.
సరిపోలింది: నూటికి తొంభై ఒకటి.
"మిగతా తొమ్మిదేటి?"
'వ'కీ 'బ'కీ ఉన్న తేడా అని చెప్పబోయి
"యంత్రం కదమ్మా, అంతే," అన్నాను.

రసీదు మీద అసిరమా బాన.
వేలిముద్ర మాత్రం ఏ భాషలోనూ లేదు.
రసీదుని నాలుగు మడతలు పెట్టి బొడ్లో దోపుకుంది.
చీపురొకటి బల్లకి ఆనించి
నేను వద్దనేలోపే మెట్లు దిగిపోయింది.